కార్ ఫ్రిజ్ చల్లబడట్లేదా? ఫ్రిజ్‌ని తిట్టే ముందు దాని వైరు చూడండి!

ఫోన్ స్లోగా ఛార్జ్ అవుతుంటే మనలో ఎవరైనా ముందు చేసే పని కేబుల్ మార్చి చూడటం. ఫోన్ పాడైందని ఎవరూ అనుకోరు. అదే కార్ ఫ్రిజ్ విషయానికొస్తే మాత్రం సీన్ రివర్స్. చల్లబడకపోతే 'కంప్రెసర్ పోయింది', 'గ్యాస్ అయిపోయింది' అని తేల్చేసి, సగం ధరకి అమ్మకానికి పెట్టేస్తాం. వైరు వంక ఎవరూ చూడరు. గత వేసవి నుంచి గోదావరిఖనిలో నేను మల్టీమీటర్ పట్టుకుని చూసిన పోర్టబుల్ ఫ్రిజ్‌లలో ఎక్కువ వాటికి అసలు రోగం ఫ్రిజ్‌లో లేదు. బ్యాటరీకీ ఫ్రిజ్‌కీ మధ్య ఉన్న నాలుగు మీటర్ల తీగలో ఉంది.

ఈ ఆర్టికల్ ఏ ఫ్రిజ్ కొనాలో చెప్పేది కాదు. కొన్నదానికి కరెంటు సరిగ్గా ఎలా ఇవ్వాలో చెప్పేది.

ఖనిలో ఇది లగ్జరీ కాదు

రామగుండం, గోదావరిఖని బెల్ట్‌లో మే నెల అంటే తెలిసిందే. పాదరసం 45 డిగ్రీలు దాటడం ఇక్కడ కొత్త వార్త కాదు. ఓపెన్‌కాస్ట్ గనుల్లో చెట్టు నీడ ఉండదు, నల్లటి నేల వేడిని పీల్చుకుని కూర్చుంటుంది. ఎండలో నిలిపిన బండి క్యాబిన్‌లో వేడి బయటికన్నా ఇంకా ఎక్కువ. పొద్దున పెట్టుకున్న మజ్జిగ పదింటికే పులుస్తుంది.

మజ్జిగ పులిస్తే పారబోస్తాం. మా ఇంట్లో సమస్య మజ్జిగ కాదు, ఇన్సులిన్.

మా బావ బొగ్గు టిప్పర్ డ్రైవర్. చీకటితో వెళ్లి చీకటికి వస్తాడు. మధ్యాహ్నం తిండికి ముందు ఒక డోసు వేసుకోవాలి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న పెన్ను లేదా వయల్ చాలా రకాల్లో సుమారు 30 డిగ్రీల లోపు గది వేడిలో కొన్ని వారాలు ఆగుతుంది (రకాన్ని బట్టి మారుతుంది, పెట్టె మీద రాసింది చదవండి). టిప్పర్ క్యాబిన్ ఏ లెక్కన చూసినా 30 డిగ్రీల గది కాదు. వేడికి దెబ్బతిన్న ఇన్సులిన్ చూడ్డానికి మామూలుగానే ఉండొచ్చు, పని మాత్రం సరిగ్గా చేయదు. బావ షుగర్ రీడింగులు వరుసగా పెరుగుతుంటే డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "మందు ఎక్కడ పెడుతున్నవ్?" అని.

అందుకే అక్క పట్టుబట్టి 15 లీటర్ల పోర్టబుల్ ఫ్రిజ్ కొనిపించింది. రెండు వారాలకే బావ నాకు ఫోన్ చేశాడు. "బామ్మర్ది, గీ డబ్బా పనిజేస్తలేదురా. లైటు ఎలుగుతది గని సల్లగైతలేదు. ఆన్‌లైన్ల వెట్టు, ఎంతొస్తే గంతకు అమ్మేద్దాం." అప్పటికే ఒక రిపేర్ షాపులో గ్యాస్ నింపాలన్నారట. కొన్న రెండు వారాలకే గ్యాస్ ఎటు పోతుంది?

ముందు ఒక క్లారిటీ: మీ దగ్గర ఉన్నది నిజంగా ఫ్రిజ్జేనా?

మార్కెట్లో 'కార్ ఫ్రిజ్' పేరుతో రెండు రకాలు అమ్ముతున్నారు.

మొదటిది పెల్టియర్ రకం, అంటే థర్మోఎలక్ట్రిక్. 1834లో ఫ్రాన్స్‌కి చెందిన జాన్ పెల్టియర్ గమనించిన సూత్రం ఇది: రెండు వేర్వేరు లోహాల అతుకు గుండా కరెంటు పంపితే ఒక వైపు చల్లబడి, రెండో వైపు వేడెక్కుతుంది. చవక, తేలిక. కానీ ఇది బయటి వేడి కన్నా సుమారు 15 నుంచి 20 డిగ్రీలే తగ్గించగలదు. బయట 45 ఉంటే లోపల 25. కూల్‌డ్రింక్‌కి ఓకే, ఇన్సులిన్‌కి పనికిరాదు. దీనికి ఎంత మంచి వైరు వేసినా ఫలితం ఇంతే.

రెండోది కంప్రెసర్ రకం. మన ఇంటి ఫ్రిజ్ లాంటిదే, కాకపోతే 12 లేదా 24 వోల్టుల డీసీ మీద నడుస్తుంది. కంప్రెసర్ తిరిగేటప్పుడు సాధారణంగా 45 నుంచి 60 వాట్లు లాగుతుంది. మైనస్‌లోకి కూడా వెళ్లగలదు. బావ కొన్నది ఇదే. ఈ ఆర్టికల్‌లో మిగతాదంతా ఈ రకం గురించే.

మీటర్ ఏం చెప్పింది?

ఆదివారం టిప్పర్ దగ్గరికి వెళ్లి మూడు చోట్ల కొలిచాను. బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర 12.4 వోల్టులు. ఫ్రిజ్ ఆపి ఉంచి, దాని ప్లగ్గు దగ్గర చూస్తే అక్కడా 12.4. అంతా బాగున్నట్టే కదా! ఫ్రిజ్ ఆన్ చేశాం. కంప్రెసర్ తిరగడం మొదలైన క్షణంలో ఫ్రిజ్ చివర రీడింగ్ 11కి పడిపోయింది. కొన్ని సెకన్లకి కంప్రెసర్ ఆగింది, తెర మీద ఎర్రర్ కోడ్ వచ్చింది. ఆగగానే మళ్లీ 12.4.

కిటుకంతా ఇక్కడే ఉంది. కరెంటు పారనప్పుడు ఎంత సన్నటి తీగ అయినా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. లోడ్ పడ్డాకే దాని అసలు రంగు బయటపడుతుంది. కాబట్టి ఎప్పుడు కొలిచినా కంప్రెసర్ తిరుగుతుండగా, ఫ్రిజ్ చివర కొలవాలి.

డిస్‌ప్లేకి చాలా తక్కువ కరెంటు చాలు కాబట్టి అది వెలుగుతూనే ఉంటుంది. ఫ్రిజ్ ఆన్‌లో ఉందని మనం అనుకుంటాం. లోపల మందు మాత్రం వేడెక్కుతూ ఉంటుంది. తెర మీద కొన్ని మోడళ్లలో ఎఫ్1 అని, కొన్నింట్లో ఈ1 అని వస్తుంది. దానర్థం 'నాకు వోల్టేజీ సరిపోవట్లేదు' అని. గ్యాస్ లేదని కాదు.

ఆ ఒకటిన్నర వోల్టు ఎక్కడ పోయింది?

చిన్న లెక్క చేద్దాం, ఇంటర్ ఫిజిక్స్ చాలు. రాగి తీగ నిరోధం మీటరుకి, ఒక చదరపు మిల్లీమీటర్ మందానికి సుమారు 0.0172 ఓమ్‌లు. బ్యాటరీ నుంచి ఫ్రిజ్‌కి 4 మీటర్లు అంటే పోనూ రానూ 8 మీటర్లు. కరెంటు 5 యాంపియర్లు అనుకుంటే తీగలో పోయే వోల్టేజీ ఇదీ:

0.75 చదరపు మి.మీ. తీగ: 0.92 వోల్టులు
1 చదరపు మి.మీ.: 0.69 వోల్టులు
1.5 చదరపు మి.మీ.: 0.46 వోల్టులు
2.5 చదరపు మి.మీ.: 0.28 వోల్టులు
4 చదరపు మి.మీ.: 0.17 వోల్టులు

బావ టిప్పర్‌లో లైటర్ సాకెట్‌కి ఎవరో ఎప్పుడో లాగిన తీగ స్పీకర్ వైరంత సన్నగా ఉంది. మధ్యలో రెండు చోట్ల తీగలు మెలిపెట్టి టేపు చుట్టారు. దానికి తోడు సాకెట్ నిండా బొగ్గు దుమ్ము. తీగలో ఒక వోల్టు దాకా, అతుకుల్లో, సాకెట్‌లో మిగతాది. లెక్క సరిపోయింది.

మరి ఫ్రిజ్ ఎందుకు ఆగుతుంది? బండి స్టార్ట్ అవ్వడానికి బ్యాటరీలో ఛార్జ్ మిగలాలని ప్రతి కంప్రెసర్ ఫ్రిజ్‌లోనూ బ్యాటరీ ప్రొటెక్షన్ ఉంటుంది. ఉదాహరణకి ఈ రంగంలో పాత పేరైన సెకాప్ కంపెనీ (ఒకప్పటి డాన్‌ఫాస్) బీడీ35ఎఫ్ కంప్రెసర్ కంట్రోలర్ ఫ్యాక్టరీ సెట్టింగ్ ప్రకారం 12 వోల్టుల బండిలో 10.4 దగ్గర ఆగి, 11.7 దాటాకే మళ్లీ మొదలవుతుంది. ఇప్పుడొచ్చే చాలా ఫ్రిజ్‌లలో లో, మీడియం, హై అని మూడు లెవెల్స్ ఇస్తున్నారు. హై అంటే త్వరగా ఆగిపోతుంది, బ్యాటరీకి భద్రత ఎక్కువ. ఫ్రిజ్ మాత్రం బ్యాటరీ దగ్గరి వోల్టేజీ చూడలేదు, తన ప్లగ్గు దగ్గరిదే చూస్తుంది. తీగ తినేసిన వోల్టేజీని బ్యాటరీ అయిపోవడంగా అర్థం చేసుకుంటుంది. ఆగుతుంది, వోల్టేజీ పెరుగుతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. రోజంతా ఇదే తంతు.

ఇక్కడ యూట్యూబ్‌లో చాలామంది ఇచ్చే సలహా, 'ప్రొటెక్షన్ లో మీద పెట్టేయండి' అని. దయచేసి అలా చేయకండి. జ్వరం వస్తే థర్మామీటర్ పగలగొట్టినట్టు ఉంటుంది. వైరు అలాగే వేడెక్కుతుంటుంది, ఒక రోజు బండి స్టార్ట్ కాదు. స్టార్టింగ్ బ్యాటరీ మీద నడిపేటప్పుడు హై లేదా మీడియం. విడిగా ఉన్న బ్యాటరీ లేదా పవర్ స్టేషన్ అయితేనే లో.

టిప్పర్లలో పెద్ద తిరకాసు: 12 వోల్టుల 'ట్యాపింగ్'

బొలెరో, ఆటో, కారు అన్నీ 12 వోల్టుల బళ్లు. టిప్పర్, లారీ, బస్సు లాంటి పెద్ద బళ్లు 24 వోల్టులవి. రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి. మన దగ్గర పాటల సెట్టు బిగించేటప్పుడు చాలామంది చేసే పని, ఆ రెంటిలో ఒక బ్యాటరీ నుంచి మాత్రమే 12 వోల్టులు లాగడం. బావ బండిలో లైటర్ సాకెట్ కూడా ఆ తీగకే తగిలించారు.

దీనివల్ల ఒక బ్యాటరీ మీదే రోజూ భారం పడుతుంది. ఆల్టర్నేటర్ మాత్రం రెండింటినీ కలిపి ఛార్జ్ చేస్తుంది. ఫలితంగా వాడుతున్న బ్యాటరీ ఎప్పుడూ సగం ఖాళీగా, వాడనిది ఎప్పుడూ ఓవర్‌ఛార్జ్ అవుతూ ఉంటాయి. రెండూ తొందరగా పోతాయి. పాటల సెట్టుకే ఇలా ఉంటే, రోజంతా నడిచే ఫ్రిజ్‌కి చెప్పక్కర్లేదు.

పరిష్కారం ఫ్రిజ్ వెనకున్న లేబుల్ మీదే ఉంది. 'డీసీ 12/24' అని రాసి ఉంటే నేరుగా 24 ఇవ్వొచ్చు, ఫ్రిజ్ దానంతటదే గుర్తుపడుతుంది. లాభం ఏంటంటే, అవే వాట్లకి 24 వోల్టుల దగ్గర కరెంటు సగమే. కరెంటు సగమైతే తీగలో నష్టం సగం. మొత్తం వోల్టేజీతో పోల్చి శాతంలో చూస్తే నాలుగో వంతే. లేబుల్ మీద 12 మాత్రమే ఉంటే 24 నుంచి 12కి మార్చే డీసీ కన్వర్టర్ తీసుకోండి. కనీసం 10 యాంపియర్లది ఉండాలి, ఎందుకంటే కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కన్నా ఎక్కువ లాగుతుంది.

ఏ కనెక్టర్ వాడాలి?

లైటర్ సాకెట్: పేరులోనే ఉంది, ఇది సిగరెట్ వెలిగించుకోవడానికి పుట్టింది. కొన్ని సెకన్లు కాయిల్ వేడెక్కి బయటికి ఎగరడం దాని పని. లోపలి స్ప్రింగు ప్లగ్గుని ఎప్పుడూ బయటికే తోస్తుంటుంది. సిటీ రోడ్డు మీద నడిచిపోతుంది. గనుల దగ్గరి గుంతల రోడ్డు మీద పది నిమిషాలకి వదులవుతుంది. వదులైన చోట వేడి పుడుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది. ప్లగ్గు ముట్టుకుంటే చురుక్కుమంటే వెంటనే ఆపేయండి.

ఎక్స్‌టీ60: డ్రోన్లు, ఆర్‌సీ కార్లు వాడేవాళ్లకి తెలిసిందే. పసుపు రంగు, బంగారు పూత పిన్నులు, ఉల్టా పెట్టే ఛాన్స్ లేదు. 5 యాంపియర్లు దీనికి లెక్కే కాదు. అయితే సోల్డరింగ్ రావాలి, దుమ్ము నుంచి మూత ఉండదు. కారు డిక్కీకి బెస్ట్.

ఆండర్సన్ 50 యాంపియర్ల కనెక్టర్: నా ఓటు దీనికే. రెండు వైపులా ఒకే ఆకారం, ఆడ మగ తేడా లేదు. గట్టి స్ప్రింగు ఒత్తిడితో కాంటాక్టులు ఒకదాని మీద ఒకటి రుద్దుకుంటూ కూర్చుంటాయి కాబట్టి పైనున్న మురికి కొంత దానికదే పోతుంది. గ్లోవ్స్ చేతులతోనూ పెట్టొచ్చు, తీయొచ్చు. వేర్వేరు రంగులవి ఒకదానిలో ఒకటి దూరవు. 24 వోల్టుల లైన్‌కి ఒక రంగు, 12కి ఇంకో రంగు పెట్టుకుంటే, పొరపాటున 12 వోల్టుల టైరు పంపుని 24లో పెట్టే ప్రమాదం ఉండదు.

ఇంటి టూ-పిన్ ప్లగ్గు: దీన్ని మాత్రం అస్సలు వాడొద్దు. చౌరస్తాలో ఈజీగా దొరుకుతుందని గోడకి పెట్టే ప్లగ్గుని 12 వోల్టుల తీగకి తగిలించేవాళ్లని చూస్తుంటాను. మీకు తెలుసు అది 12 వోల్టులదని. ఇంట్లో పిల్లలకి తెలియదు. ఒకసారి గోడలో పెడితే 230 వోల్టులు నేరుగా ఫ్రిజ్ డీసీ పోర్టులోకి వెళ్తాయి. ఫ్రిజ్ పోతే పోయింది, మనిషికి తగిలితే?

మేం చేసిన కనెక్షన్

బండి ఓనర్‌ని అడిగి, ఒప్పుకున్నాకే, ఆటో ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకుని ఇలా చేశాం.

ఒకటి: రెండు బ్యాటరీల చివర్ల నుంచి పూర్తి 24 వోల్టులు తీసుకున్నాం. ఎర్ర, నల్ల 2.5 చదరపు మి.మీ. మల్టీస్ట్రాండ్ రాగి తీగ. ఇంటి వైరింగ్‌లో వాడే ఒంటి తీగ వద్దు, కుదుపులకి విరుగుతుంది.

రెండు: ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరంలోనే 15 యాంపియర్ల బ్లేడ్ ఫ్యూజు. ఫ్యూజు ఉండేది ఫ్రిజ్ కోసం కాదు, తీగ కోసం. ఫ్రిజ్ దగ్గర పెడితే మధ్యలో ఎక్కడైనా తీగ బాడీకి తగిలినప్పుడు అది పనిచేయదు, మంట అంటుకుంటుంది.

మూడు: మెలిపెట్టి టేపు చుట్టడం బంద్. ప్రతి చివరా థింబుల్ పెట్టి క్రింప్ చేసి, పైన హీట్ ష్రింక్ స్లీవ్. తీగ మొత్తం ఫ్లెక్సిబుల్ పైపులో, పదునైన అంచులకి తగలకుండా.

నాలుగు: క్యాబిన్‌లో ఆండర్సన్ కనెక్టర్. ఫ్రిజ్‌తో వచ్చిన ఒరిజినల్ తీగని కోయలేదు, వారంటీ ఉంటుంది కదా. ఫ్రిజ్ డీసీ పిన్ను ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది కాబట్టి అదే మోడల్ స్పేర్ తీగ తెప్పించి దాని లైటర్ ప్లగ్గు తీసేసి కనెక్టర్ వేశాం. లైటర్ ప్లగ్గులో నడిమి మొన ప్లస్, పక్కన రేకులు మైనస్. కోసే ముందే మీటర్‌తో ఏ తీగ ఏదో చూసుకోవాలి, రంగుని నమ్మొద్దు.

ఇంకో మాట. ఆ లైటర్ ప్లగ్గు ముక్కు తిప్పితే లోపల చిన్న గాజు ఫ్యూజు ఉంటుంది. ప్లగ్గు తీసేస్తే ఆ ఫ్యూజు కూడా పోయినట్టే. దాని బదులు ఫ్రిజ్ వైపు అదే రేటింగ్ ఉన్న ఇంకో చిన్న ఫ్యూజు వేయాలి. ఆ ఫ్యూజు పోతే సిగరెట్ డబ్బా వెండి కాగితం చుట్టే అలవాటు మన దగ్గర ఉంది. అది రిపేర్ కాదు, అగ్గిపుల్ల.

మొత్తం ఖర్చు రెండు బిర్యానీ పార్సిళ్లంత. కంప్రెసర్ తిరుగుతుండగా ఇప్పుడు తీగలో పోతున్నది వోల్టులో పదో వంతు మాత్రమే. ఎర్రర్ కోడ్ మళ్లీ రాలేదు. బావ మధ్యాహ్నం డోసు మానేయడం ఆగింది.

టైప్-సీ ఛార్జర్‌తో నడపొచ్చా?

మన రీడర్లు తప్పకుండా అడిగే ప్రశ్న. 65 వాట్ల ఛార్జర్ ఉంది, ఫ్రిజ్‌కి 45 వాట్లు చాలు, ట్రిగర్ కేబుల్ పెడితే అయిపోతుంది కదా? అంత ఈజీ కాదు.

యూఎస్‌బీ పవర్ డెలివరీలో మామూలుగా ఉండే మెట్లు 5, 9, 15, 20 వోల్టులు. 12 అనేది తప్పనిసరి కాదు, చాలా ఛార్జర్లలో ఉండదు. 12 వోల్టుల ట్రిగర్ కేబుల్ అలాంటి ఛార్జర్‌కి పెడితే 9కో 5కో పడిపోవచ్చు, ఫ్రిజ్ ఆగుతుంది. పోనీ 20 పెడదామంటే ఇంకో తమాషా. ఫ్రిజ్ కంట్రోలర్ 20 వోల్టులు చూసి 'ఓహో, ఇది 24 వోల్టుల లారీ, బ్యాటరీ బాగా దిగిపోయింది' అనుకుని ప్రొటెక్షన్‌లోకి వెళ్లిపోవచ్చు. పైన చెప్పిన బీడీ35ఎఫ్‌లో 24 వోల్టుల కటాఫ్ 22.8. అంటే 20తో అది నడవదు. ఇక మిగిలింది 15. ఫ్రిజ్ మాన్యువల్‌లో ఆ రేంజ్ రాసి ఉంటేనే ప్రయత్నించండి. అప్పుడు కూడా 3 యాంపియర్ల దగ్గర 45 వాట్లే, స్టార్టింగ్ దెబ్బకి ఛార్జర్ ట్రిప్ అవ్వొచ్చు.

ఇక 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే 3.7 వోల్టుల లెక్కన 74 వాట్-అవర్లు. ఎండాకాలం ఫ్రిజ్ సగటున 30 వాట్లు తింటే రెండు గంటల కథ. 256 వాట్-అవర్ల పవర్ స్టేషన్ అయితే నష్టాలు పోను ఏడు గంటలు, దాదాపు ఒక షిఫ్ట్. ఇంట్లో రాత్రి ముందే చల్లబరిచి పెడితే ఇంకొంచెం ఎక్కువ. చల్లటి ఫ్రిజ్‌ని చల్లగా ఉంచడం తేలిక, వేడి డబ్బాని చల్లబరచడమే కష్టం.

ఇవి మర్చిపోకండి

ఇన్సులిన్‌కి ఫ్రిజ్‌ని 5 డిగ్రీల మీద సెట్ చేయండి. గోడకి ఆనించి పెట్టొద్దు, అక్కడ గడ్డకట్టే ప్రమాదం ఉంది. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక కూడా పనికిరాదు, పారేయాల్సిందే. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పక్కన విడిగా ఒక డిజిటల్ థర్మామీటర్ ఉంచండి. ఫ్రిజ్ తెర చెప్పేది దాని సెన్సార్ ఉన్న చోటి మాటే. కరెంటు అందని రోజుకి తడి బట్ట చుట్టిన చిన్న మట్టికుండ ఎండ తగలని చోట బ్యాకప్‌గా ఉండనివ్వండి. అది ఫ్రిజ్ అంత చల్లగా ఉంచదు గానీ క్యాబిన్ వేడి కన్నా నయం.

ఫ్రిజ్ గాలి జాలీని వారానికోసారి పెయింట్ బ్రష్‌తో దులపండి. బొగ్గు దుమ్ము పేరుకుంటే కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుంది, బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుంది.

భూగర్భ గనిలోకి ఇలాంటివేవీ తీసుకెళ్లే ఆలోచనే పెట్టుకోవద్దు. మీథేన్ ఉండే చోట ఒక్క నిప్పురవ్వ చాలు. కంపెనీ బళ్లలో, యంత్రాల్లో అనుమతి లేకుండా ఒక్క తీగ కూడా ముట్టొద్దు. బైక్ బ్యాటరీ మీద ఫ్రిజ్ నడపాలని చూడొద్దు, అది చాలా చిన్నది.

ఫైనల్‌గా

ఎన్టీపీసీ రామగుండం 2,600 మెగావాట్ల ప్లాంటు. దానికి బొగ్గు సింగరేణి గనుల నుంచి వెళ్తుంది. దక్షిణాది రాష్ట్రాలకి కరెంటు పంపే ఊరు మాది. అలాంటి ఊళ్లో ఒక డ్రైవర్ మందు ఒకటిన్నర వోల్టు తక్కువై చెడిపోకూడదు.

మీ ఫ్రిజ్ మీద అనుమానం ఉంటే అమ్మేముందు ఒక్క టెస్ట్ చేయండి: కంప్రెసర్ తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, ఫ్రిజ్ దగ్గర ఒకసారి వోల్టేజీ చూడండి. 12 వోల్టుల బండిలో తేడా అర వోల్టు దాటితే ఫ్రిజ్ జోలికి పోకండి. వైరు మార్చండి, చాలు.